ఎప్పుడూ ఇరవై తక్కువ

నేను ఒక మడత కొలబద్దను. పుట్టినప్పుడు నా పొడవు రెండు మీటర్లు. ఇప్పుడు మీటరు ఎనభై. తగ్గిన ఆ ఇరవై సెంటీమీటర్ల వల్ల గోదావరి ఒడ్డున ఒక గోడ కురచగా లేచింది. ఆ గోడ వల్ల ఫ్రాన్సులో ఒక మనిషికి పేరొచ్చింది, యానాంలో ఒక మనిషికి పేరు పోయింది. ఆ పోయిన పేరు గురించి చెప్పడానికే నోరు విప్పుతున్నాను. మిగతాదంతా దానికి దారి.

నన్ను 1931లో ఫ్రాన్సు తూర్పు కొండల్లో ఒక పనిశాలలో చేశారు. నా కర్ర బాక్స్‌వుడ్. ఆ చెట్టు మనిషి చేయంత లావు కావడానికి మనిషి ఆయుష్షు పడుతుంది. పది బద్దలు, ఒక్కొక్కటి ఇరవై సెంటీమీటర్లు. వాటిని కలుపుతూ తొమ్మిది ఇత్తడి కీళ్ళు. అప్పుడు నా మీద రెండు వేల గీతలుండేవి. అంకెలు అచ్చు కొట్టినావిడ పేరు నాకు తెలియదు. నూట పదమూడు దగ్గర ఆవిడకు తుమ్మొచ్చింది. ఆ అంకె ఇప్పటికీ ఒక పక్కకు వాలి ఉంటుంది.

నన్ను కొన్నవాడు బ్లేజ్ బరాల్. కొండ ఊళ్ళో రాతిపని చేసేవాడు. నన్ను బయటికి తీసే ముందు ఆయన రాయిని అరచేత్తో ఒకసారి తడిమి, 'అరవై రెండు' అనేవాడు. తర్వాత నన్ను విప్పి చూసేవాడు. అరవై రెండే ఉండేది. నన్ను నమ్మక కాదు, తన చేతిని అలవాటు తప్పనివ్వకూడదని అలా చేసేవాడు. మనుషుల చేతులంటే నాకు భక్తి మొదలైంది అక్కడే. నా ఒంటిమీద రెండు వేల గీతలుంటే తప్ప నాకు తెలియని సంగతి, ఆయన చేతికి ఒక్క గీతా లేకుండా తెలిసేది.

1936 ఆగస్టులో రాయి ఎత్తుతుండగా గొలుసు జారింది. రాయి ఆయన ఎడమచేతి మీద, ఆ చేతిలో ఉన్న నా మీద పడింది. ఆయనకు రెండు వేళ్ళు పోయాయి. నాకు మొదటి బద్ద పోయింది. కొడుకు లూసియెన్‌కు అప్పుడు ఇరవై ఏళ్ళు, పారిస్‌లో ఇళ్ళ నమూనాలు గీసే చదువు చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాడు. కట్టు కట్టించుకుని వచ్చిన తండ్రి నన్ను బల్ల మీద పరిచి తన చేతులు పక్కన పెట్టాడు.

"లెక్కపెట్టు. నాకు ఎనిమిది, దానికి తొమ్మిది. ఇకనుంచి అదే పెద్దమేస్త్రి. నువ్వు తీసుకుపో."

లూసియెన్ తీసుకుపోయాడు. యాభై నాలుగేళ్ళు నన్ను వదల్లేదు.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి, తర్వాత జరిగిందంతా దీనిమీదే నడిచింది. మొదటి బద్ద పోయింది కాబట్టి నేను ఇరవై దగ్గర మొదలవుతాను. నన్ను నేలమీద నిలబెడితే నేలను తాకే అంకె ఇరవై. ఒక బల్లను కొలిస్తే నా మీద తొంభై ఐదు కనిపించవచ్చు, కాని బల్ల ఎత్తు డెబ్బై ఐదే. ఉన్నదాన్ని కొలిచేటప్పుడు ఇరవై తీసెయ్యాలి. లేనిదానికి గుర్తు పెట్టేటప్పుడు ఇరవై కలపాలి. లూసియెన్ వేళ్ళకు ఇది ఊపిరిలాగా అలవాటైపోయింది. నోటితో మాత్రం ఎప్పుడూ ఒక్కటే అనేవాడు: "తుజూర్ మ్వాఁ వాఁ." ఎప్పుడూ ఇరవై తక్కువ.

"కొత్తది కొనుక్కోవయ్యా బరాల్, అది కొలబద్ద కాదు, లెక్కల పరీక్ష" అని తోటివాళ్ళు ఎగతాళి చేసేవారు.

"పరీక్ష రోజూ పాసవుతున్నాను కదా" అనేవాడు.

యుద్ధం వచ్చి పోయింది. 1946లో ఉత్తరపు సముద్రతీరంలో ఒక రేవు పట్నానికి మమ్మల్ని పంపారు. అక్కడ పది ఇళ్ళలో ఎనిమిది నేలమట్టం. లూసియెన్‌కు ముప్ఫై ఏళ్ళు. ఏడేళ్ళలో ఆయన గీసిన కాంక్రీటు వరసల్లో పదకొండు వందల నలభై ఇళ్ళు లేచాయి. మొదటి ఇంటి తాళం ఇచ్చిన రోజు నేను ఆయన చొక్కా జేబులో ఉన్నాను. ఆరేళ్ళు రేకుల షెడ్డులో గడిపిన ఒకావిడ లోపలికి వచ్చింది. గదులు చూడలేదు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళు పడుతుంటే కట్టకుండా వింటూ నిలబడింది. ఆయన గుండె నాకు తగిలేలా కొట్టుకుంది. గీసిన గీత మీద మనిషి వచ్చి నిలబడడమంటే ఏమిటో మేమిద్దరం ఆ రోజు చూశాం.

ఆ ఇళ్ళలో తొమ్మిది వేల కిటికీలున్నాయి. అన్నిటి కింద గోడ ఎత్తు తొంభై సెంటీమీటర్లు. దాని మీద ఆయన ఒక వ్యాసం కూడా రాశాడు. కిటికీ అంటే నిలబడ్డ మనిషి మోచేయి ఆనించే చోటనీ, మోచేతికి తొంభై చాలుననీ వాదించాడు. ఇళ్ళు గీసేవాళ్ళు కాగితం మీద ఎత్తు తెలియడానికి ఒక మనిషి బొమ్మ వేస్తారు. ఆయన వేసిన మనిషి ఎప్పుడూ నిలబడే ఉండేవాడు. పడుకున్నవాళ్ళు, కూర్చున్నవాళ్ళు, పాకే బిడ్డలు ఆయన కాగితం మీదికి రాలేదు. నిలబడి పనిచేసేవాళ్ళ ఇంట పుట్టినవాడు. మనిషంటే నిలబడ్డవాడే అనుకున్నాడు.

1963లో యానాం వచ్చాం. అక్కడ ఫ్రెంచి జెండా దిగి తొమ్మిదేళ్ళయింది. ఫ్రాన్సులో ఒక దాతల సంఘం క్షయ రోగులకు గోదావరి ఒడ్డున ముప్ఫై రెండు మంచాల వార్డు కట్టించాలనుకుంది. నమూనా గీసి, దగ్గరుండి కట్టించడానికి లూసియెన్ ఒప్పుకున్నాడు.

మేస్త్రి పేరు అర్దాని భైరవస్వామి. నలభై ఎనిమిదేళ్ళు. తండ్రీ తాతా కూడా తాపీ పట్టినవాళ్ళే. ఫ్రెంచి బడిలో మూడో తరగతి దాకా చదివాడు. అందులో అంకెలు మిగిలాయి, మాటలు చాలావరకు పోయాయి. మాటలకు నర్సు అగాతమ్మ ఉండేది. యానాం మనిషే, పుదుచ్చేరిలో చదువుకుంది. ఆమె లేకుండా దొరా మేస్త్రీ ఇటుక రంగు గురించి కూడా మాట్లాడుకోలేరు.

మొదటి రోజే మేస్త్రి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటండీ అగాతమ్మగారూ, దొరగారి కొలబద్దకి తలకాయ లేదేటండి?"

"తలకాయ కాదు మేస్త్రీ, కాలు లేదు. వాళ్ళ నాన్నగారిదంట. రాతిమేస్త్రంట ఆయన. పారెయ్యరంట."

"ఓస్, అయితే మన బాపతే" అని నన్ను కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చాడు.

సెప్టెంబరు చివరికి కాంక్రీటు స్తంభాలు, పైన దూలాలు, కప్పు పూర్తయ్యాయి. నది వైపు స్తంభాల మధ్య పద్నాలుగు ఖాళీలు. ఒక్కొక్క ఖాళీలో కింద కొంత ఎత్తు ఇటుక గోడ కట్టి, దాని మీద కడప బండ వేస్తే పైనంతా కిటికీ. కాగితం మీద ఆ గోడ ఎత్తు తొంభై. అంతలో సిమెంటు అనుమతి కోసం లూసియెన్ పుదుచ్చేరి వెళ్ళాల్సి వచ్చింది. మేస్త్రి దగ్గరున్న టేపు కాకినాడలో కొన్నది, అడుగులు అంగుళాలే తప్ప సెంటీమీటర్లు లేవు. అందుకని లూసియెన్ నన్ను ఆయన చేతిలో పెట్టాడు. కాగితం మీద తొంభైని వేలితో చూపించాడు. కారెక్కుతూ, ఆ రోజు అగాతమ్మ సెలవులో ఉండబట్టి, ఫ్రెంచిలోనే మూడు మాటలు చెప్పాడు: "తుజూర్ మ్వాఁ వాఁ."

మేస్త్రికి ఆ మూడు మాటలూ వచ్చు. ఎప్పుడూ. తక్కువ. ఇరవై.

ఫ్రెంచివాళ్ళు తొంభైని తొంభై అనరు. 'నాలుగిరవైల పది' అంటారు. భైరవస్వామి బడిలో అలాగే నేర్చుకున్నాడు. కారు దుమ్ము అణగకముందే వేళ్ళ మీద లెక్క కట్టాడు. "నాలుగిరవైల పది. ఒక ఇరవై తియ్యి. మూడిరవైల పది." ఆ లెక్క అంత సాఫీగా ఏ భాషలోనూ రాదు. నన్ను నేల మీద నిలబెట్టి, డెబ్బై అంకె దగ్గర బొగ్గుతో గీత గీశాడు. నేను ఇరవై దగ్గర మొదలవుతాను. కాబట్టి నేల నుంచి ఆ గీత ఉన్నది యాభై సెంటీమీటర్ల ఎత్తున. ఉండాల్సినదానికి నలభై తక్కువ.

నాకు తెలుసు. అక్కడ తెలిసింది నాకొక్కదానికే. కొలబద్ద కొలతల్ని చూపిస్తుంది తప్ప నోరు తెరిచి చెప్పలేదు.

పనివాళ్ళకు అనుమానం రాకపోలేదు.

"ఇంత పొట్టి గోడేటి మేస్త్రీ? మేక దూకేస్తాది."

"దొరగారు ఎప్పుడూ ఇరవై తక్కువన్నారు. ఎప్పుడూ అంటే ఎప్పుడూనే. ఆసుపత్రిరా ఇది. పడుకున్నోళ్ళకి గాలి తగలాలని పెట్టుంటారు. నువ్వు ఇటిక అందియ్యి."

పదకొండు రోజుల్లో పద్నాలుగు గోడలు లేచాయి. బండలు పరిచి సిమెంటు పోశారు. తూకం గుండు పెట్టి చూస్తే వెంట్రుకంత తేడా లేదు. అంత తప్పు కొలతకు అంత ఒప్పు పనితనం నేనెక్కడా చూడలేదు.

ఆ పదకొండు రోజుల్లోనే వానలు పట్టాయి. రోగులుండే తాటాకు పాక కారింది. మరీ తడిసిన చోట ఉన్న ముగ్గురు ఆడవాళ్ళను అగాతమ్మ కొత్త వార్డులోకి మార్పించింది. అందులో వరహాలమ్మ ఒకతె. ముప్ఫై నాలుగేళ్ళు, చేపలు పట్టేవాళ్ళ ఇంటి మనిషి. ఐదు నెలలుగా మంచం మీదే ఉంది.

లూసియెన్ తిరిగొచ్చింది ఒక మధ్యాహ్నం. వార్డు గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయాడు. తోలుసంచిలోంచి పుదుచ్చేరిలో కొన్న టేపు తీసి మొదటి గోడ కొలిచాడు. యాభై. రెండోది, యాభై. పద్నాలుగూ కొలిచాడు. తర్వాత అరిచాడు. అగాతమ్మ పరుగున వచ్చింది.

"ఎవరు చెప్పారు నీకు యాభై అని?"

"తమరేనండి."

"నేనా?"

"తుజూర్ మ్వాఁ వాఁ అన్నారు గదండీ. నేను తీసేసేనండి." మేస్త్రి నన్ను ముందుకు చాపి, బొగ్గు గీతను చూపించాడు.

లూసియెన్ నన్ను చూశాడు, గీతను చూశాడు. ఏం జరిగిందో ఆయనకు క్షణంలో తెలిసిపోయింది. తెలిశాక కోపం రెట్టింపైంది, ఎందుకంటే అందులో సగం తనది. బండలు ఊడదీసి రెండు రోజుల్లో తొంభైకి లేపాలన్నాడు. సోమవారం నుంచి వేరే మేస్త్రిని పెడతానన్నాడు. అగాతమ్మ మొదటి మాట గబగబా చెప్పింది. రెండోది మేస్త్రి మొహం చూడకుండా చెప్పింది.

భైరవస్వామి తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు.

"లేపుతానండి. నా గోడ నేనే సరిచేసుకుంటాను. ఆ తరవాత పొమ్మంటే పోతాను. ఊళ్ళో మాత్రం మేస్త్రికి కొలత రాదని చెప్పకండి. మా తాత కాణ్ణించీ ఆ మాట ఎవడూ అన్లేదు."

అప్పుడు మూడో మంచం మీంచి దగ్గుతూ ఒక గొంతు వచ్చింది.

"లేపితే ఊరుకోను."

అందరూ అటు తిరిగారు. వరహాలమ్మ దిండు మీంచి తల ఎత్తలేదు.

"అమ్మా అగాతమ్మా, ఆ దొరకి చెప్పు. పాకలో ఐదు నెల్లు తాటాకులు లెక్కెట్టేను. మూడొందల పన్నెండు. ఇక్కడ నాలుగు రోజుల్నించీ మా ఆయన నావ ఎళ్ళడం చూత్తన్నాను, రావడం చూత్తన్నాను. మళ్ళీ గోడ లేపుతాడంటేటి?"

"మేడమ్ ఏమంటోంది?" అని లూసియెన్ అడిగాడు. అగాతమ్మ చెప్పింది. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి నది చూశాడు. నిలబడితే తొంభై అయినా యాభై అయినా ఒకటే. అర్థం కాలేదని భుజాలు ఎగరేశాడు.

వరహాలమ్మ నవ్వింది. "నిలబడి చూత్తే ఏం తెలుత్తాదీ? పడుకోమనమ్మా ఆ దొరని. రాదేటి పడుకోడం?"

అగాతమ్మ దీన్ని ఎలా అనువదించిందో నాకు తెలుసు గాని, ఆమె కంటే మర్యాదగా చెప్పలేను. లూసియెన్ బూట్లు విప్పి పక్కనున్న ఖాళీ మంచం మీద పడుకున్నాడు. నేను మళ్ళీ ఆయన జేబులో ఉన్నాను. వాచీలో రెండూ పది.

గోడ ఆయన కంటి ఎత్తుకు కింద ఉండిపోయింది. నది మంచం పక్కనుంచే మొదలైనట్టుంది. నీళ్ళు, నీళ్ళ మీద ఎండ, వల విసురుతున్న ఒక మనిషి, వల నీళ్ళను తాకాక కాసేపటికి వినిపించిన చప్పుడు. అవతలి గట్టున పశువులు నడుస్తున్నాయి. ఒక పడవ కిటికీకి ఎడమ అంచున కనిపించి కుడి అంచు చేరడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆయన దాన్ని చివరిదాకా చూశాడు. తర్వాత ఇంకొకటి.

"నల్లగుడ్డ మాసికేసిన తెరచాప మాదేనండి" అని వరహాలమ్మ ఎవరికీ కాకుండా చెప్పింది.

ఒక్కసారి ఆయన నన్ను తీసి దిండు పక్కన నేల మీద నిలబెట్టి తన కన్ను ఎత్తు చూసుకున్నాడు. ఎనభై ఎనిమిది, అంటే అరవై ఎనిమిది. తొంభై గోడ కడితే ఈ కంటికి కనిపించేది ఆకాశం ఒక్కటే. ఆ లెక్క ఆయన ఛాతీలో ఎలా దిగిందో మళ్ళీ జేబులోకి చేరాక విన్నాను. తొమ్మిది వేల కిటికీలు కట్టినవాడు ఒక కిటికీలోంచి చూడడం అదే మొదటిసారి.

మూడుకు పది నిమిషాలకు లేచాడు. అంటే నలభై నిమిషాలు. మేస్త్రిని పిలిచి అదే మంచం చూపించాడు. భైరవస్వామి మొహమాటపడుతూ పడుకుని, కాసేపు చూసి, లేచి తలపాగా సర్దుకున్నాడు.

"ఏమంటావు?" అని అగాతమ్మ అడిగింది.

"ఆయ్, బాగుంది. ఎవడు కట్టేడో గాని."

లూసియెన్‌కు అది అనువదించాక ఆయన నవ్వాడు. వేరే మేస్త్రి మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ సాయంత్రం పారదర్శక కాగితం మీదున్న అసలు నమూనా పరిచి, బ్లేడుతో 90 గీకేసి 50 రాశాడు. నిలబడ్డ మనిషిని కూడా గీకేసి, మంచం మీద పడుకున్న మనిషిని గీశాడు. డిసెంబరులో పని ముగిశాక ఆ కాగితం చుట్ట చుట్టుకుని ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఆఫీసు ఫైలులో ఉన్న నకలు మీద మాత్రం 90 అలాగే ఉంది. దాన్ని దిద్దాలని ఆయనకు తట్టలేదు. మేస్త్రి పేరు ఎక్కడా రాయాలనీ తట్టలేదు.

తర్వాతి పదిహేడేళ్ళలో లూసియెన్ బరాల్ ఇరవై మూడు కట్టడాలు గీశాడు. వృద్ధాశ్రమాలు, ఆసుపత్రులు, పసిపిల్లల బళ్ళు. అన్నిటిలో కిటికీ కింద గోడ యాభై. కాగితాల మీద ఆయన మనుషులు పడుకున్నారు, కూర్చున్నారు, పాకారు. ఒక ఆశ్రమంలో తొంభై ఒక్క ఏళ్ళ ముసలావిడ మంచం మీంచే మంచు పడడం చూసి, కూతుర్ని పిలవకుండా ఒక్కతే చూస్తూ ఉండిపోవడం నేను చూశాను. ఒక మేస్త్రి చేసిన తీసివేత సముద్రాలు దాటి వచ్చి ఆవిడ మంచం పక్కన నిలబడింది. నేను రెండు వేల గీతలతో పుట్టాను, అయినా దీన్ని కొలవడం నాకు చేతకాలేదు.

పత్రికలు దానికి 'బరాల్ కిటికీ' అని పేరు పెట్టాయి. ఒక పత్రిక పద్నాలుగు పేజీలు రాసింది. ఈ ఆలోచన మీకెలా వచ్చిందని విలేఖరి అడిగాడు. లూసియెన్ నన్ను ఒక బద్ద విప్పి మళ్ళీ మడిచాడు.

"పడుకున్న మనిషి గురించి చాలాకాలం ఆలోచించాను" అన్నాడు.

నలభై నిమిషాలు. నేను సాక్షిని.

1981 ఫిబ్రవరిలో యానాం నుంచి అగాతమ్మ ఉత్తరం వచ్చింది. వరహాలమ్మ పద్నాలుగు నెలలకు నయమై ఇంటికి వెళ్ళిందని, ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంటోందని మొదట రాసింది. అసలు సంగతి తర్వాత ఉంది. లూసియెన్ వెళ్ళిన ఏడాదికి తనిఖీకి వచ్చిన ఒక ఇంజనీరు ఫైలులో 90 చూశాడు, గోడ దగ్గర 50 చూశాడు. 'మేస్త్రి పొరపాటు' అని రాసి సంతకం పెట్టాడు. గోడను ఎవరూ ముట్టుకోలేదు గాని, భైరవస్వామి పేరు సర్కారు మేస్త్రీల జాబితాలోంచి కొట్టేశారు. ఆయనకు మళ్ళీ బడి గాని ఆసుపత్రి గాని కట్టే పని రాలేదు. పదహారేళ్ళు అరుగులు, దొడ్డిగోడలు కట్టాడు. ఈ మధ్య మందుల పెట్టెలో సీసాలు పగలకుండా అడ్డంగా పెట్టి పంపిన ఫ్రెంచి పత్రిక ఒకటి అగాతమ్మ కంటపడింది. అందులో ఆ కిటికీ, దాని కింద బరాల్ పేరు.

'చదివి వినిపించాను. మేస్త్రి నవ్వాడు. తర్వాత రెండు రోజులు పనికి వెళ్ళలేదు. ముస్యే, మీరొక్క ముక్క రాయండి' అని ముగించింది.

లూసియెన్ దాన్ని మూడుసార్లు చదివాడు. జవాబు మొదలుపెట్టి నాలుగు కాగితాలు చించాడు. ఐదో వారంలో నన్నూ ఆ చుట్ట కాగితాన్నీ తీసుకుని విమానం ఎక్కాడు. అప్పటికి ఆయనకు అరవై ఐదు.

వార్డు వరండాలో ముగ్గురూ కూర్చున్నారు. భైరవస్వామి మీసం తెల్లబడింది. చేతులు అవే. లూసియెన్ దారిలోనే ఒక వాంగ్మూలం రాసి తెచ్చాడు. అగాతమ్మ దాన్ని తెలుగులో చదివింది: 'ఆ గోడ ఎత్తు యాభై సెంటీమీటర్లు నా ఆజ్ఞ ప్రకారమే కట్టబడింది. మేస్త్రి పొరపాటు ఏమీ లేదు.' కింద సంతకం, ముద్ర.

"దీంతో మీ పేరు కడిగినట్టే మేస్త్రీ" అంది అగాతమ్మ.

భైరవస్వామి కాగితం అందుకోలేదు.

"అబద్ధం గదండీ అది."

"ఏది?"

"ఆయన యాభై అని ఎప్పుడు చెప్పేరు? తొంభై అన్నారు. పొరపాటు నాదేనండి."

"అదే వద్దంటున్నారు మేస్త్రీ ఆయన! తన మీద వేసుకుంటున్నారు."

"వేసుకుంటారు, ఎందుకేసుకోరు? ఇంత బాగున్న పొరపాటు ఎవరేనా వేసుకుంటారు." ఆయన వార్డులోకి చెయ్యి చాపాడు. లోపల పద్నాలుగు కిటికీల ముందు ముప్ఫై రెండు మంచాలు. "ఆ ఇంజనీరు పొరపాటని రాసి నా పని తీసేసేడు. ఈయన పొరపాటు కాదని రాసి నా గోడ తీసేత్తన్నారు. నాకేటి మిగిలింది చెప్పండి? పొరపాటు నాదేనని రాయమనండి. ఈ కిటికీ ఆ పొరపాటేనని రాయమనండి. అంతే. నాకింక పనులొద్దు, అరవయ్యారొచ్చేయి."

అగాతమ్మ ఒక్కొక్క మాటే అనువదించింది. లూసియెన్ నేల చూస్తూ విన్నాడు. తన వాంగ్మూలాన్ని రెండుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. చుట్ట విప్పి పారదర్శక కాగితాన్ని నేల మీద పరిచాడు, నాలుగు మూలలా నాలుగు ఇటుక ముక్కలు పెట్టాడు. బ్లేడుతో గీకిన చోట 50 ఉంది. కింద కుడివైపు గళ్ళలో 'గీసినవారు' అని ఉండే చోట బరాల్ పేరుంది. ఆయన తన పెన్ను మేస్త్రికిచ్చి, ఆ 50 పక్కన వేలు పెట్టాడు.

భైరవస్వామి పెన్ను పట్టుకున్నాడు, తాపీ పట్టుకున్నట్టు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ రాశాడు. రాయడం పూర్తయ్యాక ఒకసారి అరచేత్తో కాగితాన్ని తడిమాడు.

తర్వాత లూసియెన్ నన్ను ఆయన ముందు పెట్టాడు, తీసుకోమన్నట్టు. మేస్త్రి చేతులు జోడించాడు.

"వద్దు దొరగారూ. దీని మాట వినే ఇంత దూరం వచ్చేను."

ముగ్గురూ నవ్వారు. నేను మళ్ళీ జేబులోకి వచ్చాను.

పారిస్ చేరిన వారానికి లూసియెన్ అదే పత్రికకు ఒక పేజీ రాశాడు. తన పేరుతో పిలుస్తున్న కిటికీని 1963లో యానాం మేస్త్రి అర్దాని భైరవస్వామి పొరపాటున కట్టాడనీ, తాను దాన్ని కూల్చమన్నాననీ, ఒక రోగి ఆపిందనీ రాశాడు. ఒక్క వాక్యంలో కూడా అలంకారం లేదు. పత్రిక దాన్ని అచ్చు వేసి, పైన 'ఒక మహాశిల్పి వినయం' అని శీర్షిక పెట్టింది. ఆ ఏడు ఆయనకు మరో బహుమతి వచ్చింది. ప్రశంసాపత్రంలో కిటికీతో పాటు వినయాన్ని కూడా చేర్చారు. నిజం చెప్పి నమ్మించలేకపోయిన మనిషిని నేను ఆ సభలో చూశాను. చప్పట్లు కొడుతుంటే రెండు చేతులూ ఎత్తి ఆపబోయాడు, వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు.

ఆయన 1990లో పోయాడు. పోయేముందు మంచం కిటికీ వైపు జరిపించుకున్నాడు.

నేనిప్పుడు పారిస్‌లో ఒక ప్రదర్శనశాలలో, రెండో అంతస్తులో, గాజు పెట్టెలో ఉన్నాను. తొమ్మిది బద్దలూ విప్పి పెట్టారు. నా కింద చీటీ మీద 'మడత కొలబద్ద, అసంపూర్ణం' అని ఉంటుంది. నా వెనక గోడకు ఆ పారదర్శక కాగితం వేలాడుతుంది. దాని చీటీ కొంచెం పెద్దది. గీసినది 1963లో లూసియెన్ బరాల్ అనీ, 50 అంకె దిద్దిన గుర్తులు ప్రసిద్ధమైన బరాల్ కిటికీకి తొలి ఆధారమనీ రాశారు. చివరి వాక్యం ఇది: 'అంకె పక్కన ఒక భారతీయ లిపిలో రాత, ఇంతవరకు చదవబడలేదు.'

రోజుకు రెండు మూడు వందల మంది ఆగుతారు. కాగితం దగ్గరికి వంగి, ఆ గుండ్రటి అక్షరాలను చూసి, అందంగా ఉన్నాయని చెప్పుకుని వెళ్ళిపోతారు. వాళ్ళను తప్పుపట్టను. వాళ్ళకు అవి గీతలే.

మీకు కావు. ఎప్పుడైనా ఇటు వస్తే మెట్లెక్కి ఎడమవైపు రెండో గదిలోకి రండి. అక్కడ 'అ. భైరవస్వామి, తాపీమేస్త్రి, యానాం' అని ఉంటుంది. పక్కవాళ్ళు వినేలా పైకి చదవండి.